నల్లేరు మీద బండి

మొన్న పొద్దున పేపరులో ఎవరిదో ఎన్నికల గెలుపును 'నల్లేరుపై నడక' అని రాశారు. చదివిన మా మనవరాలు, నల్లేరంటే ఏ ఏరని అడిగింది. నవ్వొచ్చింది, కాస్త కోపమూ వచ్చింది. అది ఏరు కాదు తీగ అని, నడక మనిషిది కాదు బండిదని, చక్రం కింద చప్పుడైనా లేకుండా నలిగిపోతుంది గనుకనే తేలికైన గెలుపుకు ఆ మాట వచ్చిందని చెప్పాను. చెబుతూ చెబుతూ గద్వాలలోని మా మగ్గాల ఇంటికి వెళ్లిపోయాను.

నాకప్పుడు తొమ్మిదేళ్లుంటాయేమో. మా చిన్నాయనకు నేత ఎంత వచ్చో కుస్తీ పిచ్చి అంతకు రెండింతలు. ఆ ఏడు జాతరలో వనపర్తి వైపు నుంచి వచ్చిన ఒక బక్కపలచని జీతగానితో జోడీ కలిపితే, వీధంతా వినేటట్టు, "వీనిదేముంది, నల్లేరు మీద బండే" అని మరీ బరిలోకి దిగాడు. ఒంటికి మట్టి అంటకముందే ఆ జీతగాడు ఎత్తి వేశాడు, కుడి మణికట్టు విరిగింది. మగ్గంలో పోగు మోసుకుపోయే నాడె విసిరే చెయ్యే పోతే నేతగాడికి ఇక మిగిలేదేముంది? పెళ్లయి ఆర్నెల్లయినా కాని మా చిన్నమ్మ గడపలో కూర్చుని ఆగిపోయిన మగ్గం వైపే చూస్తుండేది.

మా అవ్వ మాత్రం కొడుకును ఒక్క మాట అనలేదు. కంచెల వెంట తిరిగి నల్లేరు కోసుకొచ్చి, చేతులకు నూనె రాసుకుని, దంచి కట్టు కట్టేది. లేత కొసలు చింతపండుతో పచ్చడి నూరి తినిపించేది. ఆ పసరు దురద ఎంత నూనె రాసినా ఆగదని నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. చిన్నాయన గొంతు గీరుకుంటూ తింటుంటే మేం పిల్లలం చాటుగా నవ్వుకునేవాళ్లం, తన గొప్పలన్నీ ముద్దముద్దకూ తానే మింగుతున్నాడని.

రెండు నెలలు దాటాక ఒక పొద్దున మగ్గం గుంటలోకి దిగి, భయంభయంగా నాడె విసిరాడు. ఈ అంచు నుంచి ఆ అంచుకు సాఫీగా పోయింది. చిన్నమ్మ ఏడ్చేసింది. నేను పెద్ద తెలివిగా, "అవ్వా, చిన్నాయన చెయ్యి నల్లేరు మీద బండి లెక్క నడుస్తున్నది" అన్నాను. అవ్వ అరచేతులు చీరకు రుద్దుకుంటూ నవ్వింది.

"బండికేమైతది బిడ్డా, నల్లేరునడుగు."

ఇప్పుడు ఎముక విరిగితే దవాఖానకు పోతారు. కంచెలుండే చోట గోడలు లేచాయి. నల్లేరు ఎరుగనివాళ్లు కూడా ఆ మాట రాస్తున్నారు, రాయనీ, మాటైనా బతికుంటుంది. నా బాధ అది కాదు. ఆ రోజు ఇంటిల్లిపాదీ చిన్నాయన చెయ్యినే చూసి మురిసిపోయాం గానీ, అవ్వ చేతులు ఎట్లున్నాయో ఒక్కరమూ చూడలేదు.