పెనుకొండలో దిగిన బేరం

ధర్మవరానికి టికెట్టు కొని, బేరం కోసం పెనుకొండలోనే దిగిపోయిన మొనగాణ్ణి నేను.

తొంభైల చివర, హిందూపురంలో ప్యాసింజరు రైలెక్కాను. ఎదుటి సీటాయన తన వాక్‌మన్ ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవికిచ్చాడు. ప్రోగ్రెసివ్ మెటల్ అనే గిటార్ల హోరు! ఆ క్యాసెట్టు మీద నా కన్ను పడింది. ఆయన అది కనిపెట్టాడు.

"ఈ సంగీతం యాడ పుట్టిందో సరిగ్గా చెప్పప్పా, క్యాసెట్టు నీదే."

"హెవీ మెటల్ కడుపున. పదహారణాలూ దాందే."

"మరి ఈ వంకర తాళాలు యాడివి? పాత ప్రోగ్రెసివ్ రాక్‌వి కాదా? దానికి ఎనిమిదణాల వాటా ఒప్పుకో."

ఒప్పుకుంటే సరిపోయేది. కానీ దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి, చెప్పిన రేటుకు తలూపడం మా ఇంటావంటా లేదు.

"నాలుగణాలు. గిట్టకుంటే పోతాండా," అని పెనుకొండలో దిగి నడిచాను. గిరాకీ మెట్టు దిగితే దుకాణదారు వెనక్కి పిలవాలి కదా!

పిలిచాడు. కదిలిన రైలు కిటికీలోంచి, "ఆరణాలు! రాప్పా!" అని.

తర్వాతి ఏళ్లలో హెవీ మెటల్, ప్రోగ్రెసివ్ రాక్ రెండూ విని, తక్కెడకు వేలు తగలకుండా తూచాను. రాక్ వాటా పదణాలు తేలింది. ఆయన మొదటి మాటే రెండణాలు తగ్గించి చెప్పాడు.