మా అవ్వ చెప్పిన హిందీ సీరియల్

నా చిన్నప్పుడు కోరుట్లలో మా వాడకట్టుకు మొదటి టీవీ మాదే. దుబాయిలో పనిచేసే నాన్న తెచ్చి ఇచ్చి, మళ్లీ దుబాయికే వెళ్లిపోయాడు. ఆదివారం పొద్దున హిందీ సీరియల్ మొదలయ్యేసరికి బీడీలు చుట్టే ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని మా ఇంట్లో దిగేవారు. వాళ్ల చూపు తునికాకు మీద, చెవి మా అవ్వ మీద. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం. హిందీ తెలిసింది ఆమె ఒక్కతికే అని అందరి నమ్మకం. గాజులవాళ్లతో హిందీలో బేరమాడేది మరి!

ఆ సీరియల్లో రాజు ఓడెక్కి సముద్రం దాటిపోతాడు. రాణి ఎదురుచూస్తుంది. ఎన్ని వారాలు చూసినా రాజు వస్తూనే ఉన్నాడు. "గాలి ఎదురు కొడుతుందట, గందుకే ఆలిశెం" అనేది అవ్వ. నాకు ఆ రాజంటే ప్రాణం.

ఈమధ్య అదంతా ఇంటర్నెట్‌లో దొరికింది. జగిత్యాలలో మా ఇంట్లో పెద్ద టీవీ ముందు నా ఇద్దరు బిడ్డల్నీ కూర్చోబెట్టాను. పెద్దది ఎనిమిదో తరగతి, చిన్నది ఇంకా అక్షరాలు దిద్దుతోంది. వీళ్లకు నచ్చకపోతే ఎట్లా అని నాకు ఒకటే గుబులు. లంచంగా మక్కప్యాలాలు కూడా వేయించాను. అవ్వ ఎందుకో సరిగ్గా అప్పుడే గుడికి బయల్దేరింది. బలవంతాన కూర్చోబెట్టాను.

"డాడీ, సముద్రం అట్టతోని చేసిండ్రా?" అంది పెద్దది. నోరు మూసుకుని చూడమన్నాను.

ఇంతలో ఒక భటుడొచ్చి ఏదో చెప్పాడు. రాణి కుప్పకూలి ఏడ్చింది.

"సంతోషం బిడ్డా, రాజు అస్తున్నడని కబురచ్చింది" అన్నాను.

"ఏం సంతోషం డాడీ! ఓడ మునిగింది, రాజు చచ్చిపోయిండు అంటుండు."

"మీ హిందీ టీచర్‌ను మార్చాలె."

"మరి తెల్లచీర ఎందుకు కట్టింది?"

"మొక్కు."

"రాజు పటానికి దండ?"

"పుట్టినరోజు."

అవన్నీ అవ్వ చెప్పినవే. నా నోటితో చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. చిన్నది అప్పటికే రాజు కోసం ఏడుపు అందుకుంది. నేను అవ్వ వైపు తిరిగాను.

"అవ్వా, నీకు హిందీ రాదా?"

"బేరానికి సరిపోయేటంత అస్తది."

"అయితే రాజు చచ్చిపోయింది నీకు తెల్వదా?"

"ఎందుకు తెల్వది? గా పిల్ల గంతగనం ఏడిస్తె, తెల్సుకోనీకి హిందీ రావాల్నారా?"

"మరి మాకెందుకు గట్ల చెప్పినవ్?"

"ఆడ కూసున్నోళ్ల మొగోళ్లందరు దుబాయిలనే ఉండిరి. మీ నాయిన గూడ. గా మాట నా నోట్లెకెల్లి ఎట్ల ఎల్లుతది?"

నా కోపం ఎటుపోయిందో తెలియదు. నాన్న తర్వాత క్షేమంగానే తిరిగొచ్చాడు. కానీ ఆయన లేని అన్నేళ్లలో, ఆయన రాడేమో అన్న భయం నాకు ఒక్కసారీ కలగలేదు. ఆ ధైర్యం నా సొంతమనుకున్నాను ఇన్నాళ్లూ.

చిన్నది అక్క చెయ్యి పట్టి లాగింది. "చెప్పవే, రాజు నిజంగనే చచ్చిపోయిండా?"

హిందీలో ఎప్పుడూ మంచి మార్కులు తెచ్చే నా పెద్దబిడ్డ ఒకసారి బాపమ్మ ముఖం చూసింది. రిమోట్ అందుకుని సౌండ్ తీసేసింది.

"లేదే, నేనే తప్పు విన్న. వేరే ఓడ ఎక్కిండట. అస్తుండు."