చిట్టీల వెనక పేర్లు

పోయినవి ఇవి: ఒక ఫైలు, అందులో మూడు గూడేల జాబితా, ఆ జాబితాలో మూడు వందల పన్నెండు కుటుంబాల పేర్లు. పోగొట్టింది నేను.

తొంభైల్లో, గోదావరి పొంగిన ఏడాది, భద్రాచలంలో వరద సహాయం ఆఫీసులో కంప్యూటర్ పని నాది. పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. నేను రాసిన ప్రోగ్రాం పక్క గదిలోని పెద్ద మిషన్ డ్రైవ్‌నూ ప్రింటర్‌నూ మా కంప్యూటర్‌కు కలిపి, బియ్యం చిట్టీలు ముద్రించి, రెండింటినీ తెంపేసేది. డ్రైవ్‌లో ఏదైనా ఫైలు తెరిచి ఉంటే మాత్రం తెగేది కాదు, ప్రోగ్రాం అక్కడే ఆగిపోయేది. ఆ నస పడలేక, తెరిచి ఉన్నా సరే తెంపెయ్యమని, ప్రోగ్రాంలో తెంపమని చెప్పే వరుసలో ఫాల్స్ (వద్దు) తీసి ట్రూ (సరే) పెట్టాను.

ఒక మధ్యాహ్నం మా కంప్యూటర్ మీదే టైపు చేసే అమ్మాయి, ఆ డ్రైవ్‌లో తెరిచిన గూడేల జాబితా ముగిస్తోంది. వెనకాల నా ప్రోగ్రాం నడిచి, ఆ ఫైలు తెరిచి ఉండగానే డ్రైవ్‌ను తెంపేసింది. నాలుగు రోజులకు ఆమె మళ్ళీ తెరిచి చూసింది.

"అన్నా, లిస్టు తెరిస్తే ఖాళీ వస్తున్నదేంది?"

"చేతిరాత కాగితాలు తియ్. మళ్ళ కొడదాం."

"ఏ కాగితాలు? కొట్టినయి కొట్టినట్టే ప్రింటర్ల పెట్టించినవ్ కదా, వెనక తెల్లగున్నదని! మస్తు పొదుపు చేసినవ్ తియ్."

నిజమే. కాగితం కొరతకు అది నా ఏర్పాటే. ఒక్కో కాగితాన్ని నాలుగు చిట్టీలుగా కత్తిరించి ఎగువ ఊళ్ళలో అప్పటికే పంచేశాం.

వరద శిబిరంలో ఆ కాగితాల మీద రాసుకున్న పేరుకే సర్కారు ఇల్లు. మళ్ళీ రాసుకునే గడువు దాటింది. పేరున్న చేతిరాత ముక్క తెస్తే ఒప్పుకుంటానన్నాడు మా ఆఫీసు అధికారి. కొత్త చిట్టీలు పట్టుకుని, పాతవి మార్చుకోవడానికి సైకిల్ మీద ఊరూరా తిరిగాను.

"నా బియ్యం బందు పెడ్తవా?" ఒక ముసలాయన చిట్టీని పిడికిట్లో దాచాడు.

"నీ బియ్యం నీకే తాతా. వెనకున్న పేరుకు ఇల్లు రావాలె."

"అయితే ఇన్ని దినాలు ఆళ్ళ ఇల్లు నా మొలల చెక్కుకొని తిరిగిన్నన్నట్టు," అని నవ్వి ఇచ్చాడు.

ఒక పేరు మధ్యలోంచి కత్తెర పోయింది. ఇంటిపేరున్న ముక్క దొరికింది, రెండోది వానకు నాని ముద్దయిందన్నారు. ఆ పేరుగల ఆమె ఆఫీసు మెట్ల మీద కూర్చుని, "సగం పేరుకు సగం ఇల్లన్న ఇయ్యరా సారూ," అంది. అధికారి ముక్కను తిప్పి చూసి నా చేతిలోనే పెట్టాడు.

పూర్తి పేర్లు రెండు వందల డెబ్బై ఒకటి దొరికాయి. ఆమెదీ కలిపి, నేను ఈనాటికీ బాకీ ఉన్న ఇళ్ళు నలభై ఒకటి.