ఎజెండాలో చివరి అంశం

శాసనసభలో ఏ రోజు ఏ అంశం ముందు వస్తుందో, ఏది తర్వాత వస్తుందో చెప్పే ఎజెండా తయారుచేసే విభాగంలో నేను పనిచేస్తాను. నిర్ణయం మాది కాదు. పార్టీల నాయకులు సభాపతి గదిలో కూర్చుని తేలుస్తారు. మేం గోడవారగా కూర్చుని రాసుకుంటాం.

ఆ చలికాలం సమావేశాలప్పుడు మా అక్క కూతురు చిక్కడపల్లిలో మా ఇంట్లోనే ఉండి ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. పొద్దున్నే వెళ్లి లైబ్రరీలో కుర్చీ పట్టుకునేది. సాయంత్రం అశోక్‌నగర్‌లో కోచింగ్. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడడమే ఆమెకూ ఆమె స్నేహితురాళ్లకూ ఒక ఉద్యోగమైపోయింది.

సమావేశాలు ముగింపుకొచ్చాయి. ప్రభుత్వానికి పన్నుల బిల్లు అత్యవసరం. ఉద్యోగ సంఘాలు సమ్మె మాటెత్తడంతో వేతన సవరణ మీద చర్చకూ ఒప్పుకున్నారు. నిరుద్యోగం మీద చర్చ ఉండి తీరాలని ప్రతిపక్షం పట్టుబట్టింది. మూడింటికీ మిగిలింది ఒక్క రోజు.

"ఇంకో దినం పెంచితే ఏం పోతది?" అన్నాడు ప్రతిపక్షంలోని పెద్దాయన.

"బిల్లు పాస్ కాకపోతే ఖజానా ఎట్ల నడవాలె? ముందుగాల అది కానీయండి" అన్నాడు మంత్రి.

గొంతులు లేచాయి. చివరికి బిల్లు, తర్వాత వేతనాలు, ఆఖర్న నిరుద్యోగం అని సభాపతి తేల్చేశారు. పెద్దాయన ముందున్న చాయ్ ముట్టకుండానే లేచి వెళ్లిపోయాడు. ఆఖరి అంశం అంటే ఏమిటో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పొద్దుపోతే సభ నిరవధికంగా వాయిదా పడుతుంది. మిగిలిన అంశం మిగిలిపోతుంది.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే పిల్ల ఎదురొచ్చింది.

"చిన్నమ్మా, మా చర్చ ఎన్నడు?"

"ఎజెండా బయటికి రాకముందు నేను చెప్పొద్దు బిడ్డా. రేపు పేపర్ల చూడు."

నా ముఖం చూసి, "అంటే ఆఖరికి పెట్టిండ్రు" అంది. నేను కాదనలేదు. గబగబా తినేసి లేచింది.

మర్నాడు వేతన సవరణ కోసం మా సంఘం చెప్పినట్టు నల్లబ్యాడ్జీ పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. మా వాళ్లంతా అలాగే వచ్చారు. "మేడం, మన పే రివిజన్ లంచ్ లోపల వస్తదా?" అని కారిడార్లో నలుగురు ఆపారు. నాకూ జీతం పెరగాలనే ఉంది. నారాయణగూడలో మా ఆయన నడిపే ఎలక్ట్రికల్ షాపుకు మాత్రం ఆ పన్నుల బిల్లు రాకుంటేనే బాగుండు. ఆ రోజు సభ ముందున్న ప్రతి అంశమూ మా ఇంటిదే అనిపించింది.

బిల్లు కదల్లేదు. ప్రతి సవరణకూ ఓటింగ్ అడిగారు. ఒకసారి నినాదాలతో సభ ఆగిపోయింది కూడా. చివరికి బిల్లు పాసై, లంచ్ అయ్యాకే వేతనాల చర్చ మొదలైంది. అప్పుడు మా ఆయన ఫోన్ చేశాడు.

"అశోక్‌నగర్ చౌరస్తా బంద్ చేసిండ్రు. పోరగాళ్లు ధర్నాకు కూసున్నరంట. మన పిల్ల ఫోన్ ఎత్తుతలేదు."

నేనూ పిల్లకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. కాసేపటికి మళ్లీ ఫోన్. పోలీసులు ఆడపిల్లలను కూడా వ్యానెక్కించి ఏదో ఫంక్షన్ హాల్‌కు తీసుకుపోయారట. వాళ్లలో మా పిల్ల ఉంది.

మా అధికారి విన్నాడు. "నువ్వు పో అమ్మా. ఇక్కడ మేం చూసుకుంటం" అన్నాడు.

బ్యాగు భుజాన వేసుకున్నాను కూడా. అంతలో, వేతనాల చర్చ కాగానే వాయిదా వేస్తారన్న మాట లాబీలోంచి వచ్చింది.

"సార్, ఆఖరి అంశం ఉన్నది కద" అన్నాను.

"తెలుసమ్మా."

"ఇయ్యాల తీసుకోకపోతే ఇంక లేనట్టే. ఆ పిల్లలు రోడ్డు మీద కూసున్నది దాని కోసమే సార్."

అంత గట్టిగా నేనెప్పుడూ ఆయనతో మాట్లాడలేదు. ఆయన నా వైపు ఒకసారి చూసి, కళ్లద్దాలు సర్దుకుని సభాపతి గదికి వెళ్లాడు. లోపల ఏం జరిగిందో చెప్పలేదు. తిరిగొచ్చి, "టైం పెంచిండ్రు. జల్ది కాగితాలు పెట్టు" అన్నాడు.

మా ఆయనకు ఫోన్ చేసి, పిల్లను తెచ్చే పని ఆయనకే అప్పజెప్పాను. నేను ఉండిపోయాను.

వేతనాల మీద మంత్రి 'పరిశీలిస్తాం' అన్నాడు. కారిడార్లో మా వాళ్లు ఉసూరుమన్నారు. ఆ తర్వాత నిరుద్యోగం మీద చర్చ మొదలయ్యేసరికి సగానికి పైగా కుర్చీలు ఖాళీ. పెద్దాయన మాత్రం నిండు సభలో ఉన్నట్టే మాట్లాడాడు. కోచింగ్ గదులు, హాస్టల్ కిరాయిలు, వయసు దాటిపోతున్న పిల్లలు, అన్నీ చెప్పాడు. జవాబు చిన్నదే. నోటిఫికేషన్ ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. సభ వాయిదా పడింది.

నేను ఇల్లు చేరేసరికి పిల్ల వచ్చేసి ఉంది. మోచేయి గీరుకుపోయింది.

"నా కోసం నువ్వెందుకు రాలే?" అంది తల తిప్పకుండా.

"మీ చర్చ నడుస్తున్నది."

అప్పుడు తిరిగి చూసింది. "అయిందా? ఎంతమంది ఉన్నరు?"

దాచబుద్ధి కాలేదు. "శానా తక్కువ మంది. కానీ మాట్లాడినయన్నీ రికార్డుల ఉంటయి."

"రికార్డు ఎవలు చదువుతరు చిన్నమ్మా?"

పసుపు తెచ్చి మోచేతికి రాశాను. మంటకు పళ్లు బిగబట్టింది కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి, "మళ్ల సభ పెట్టినప్పుడు నాకు పాస్ దొరుకుతదా? పైనుంచి సూస్త, ఎవలు కూసుంటరో, ఎవలు లేచిపోతరో" అంది.

తర్వాతి సమావేశాలకు పాస్ ఇప్పించాను. ఉద్యోగం ఇంకా రాలేదు. ఇప్పటికీ వీలున్న రోజున స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, సందర్శకుల గ్యాలరీలో ముందు వరసలో కూర్చుంటుంది.