అందరికీ ఒకే వరుస

స్టెఫానియా టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయింది. ఆ తర్వాత ప్రతి గురువారం కెనడాలోని విన్నిపెగ్‌లో మా చర్చి కింది హాల్లో లేనివాళ్లకు సరుకులు పంచడానికి వచ్చేది. నేను ఆమె పక్కనే బంగాళాదుంపల సంచులు అందించేవాణ్ణి.

నాలుగు బల్లలు, నాలుగు వరుసలు. ఒక జనవరిలో మూడో వరుసలో ముందున్నాయన కాగితాలు సరిగా లేక అరగంట పట్టింది. ఆ వెనక, తలుపు బయట మంచులో, చంటిబిడ్డతో ఒకమ్మాయి ఇరుక్కుపోయింది. ఆమె తర్వాత వచ్చినవాళ్లు పక్క వరుసల్లో చేరి సరుకులతో వెళ్లిపోయారు. ఆమె బల్ల దగ్గరికి వచ్చేసరికి పాలపొడి అయిపోయింది. బిడ్డ కాళ్లు తన కోటులోకి దోపుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. స్టెఫానియా చాలామందిని అడిగింది. ఆ అమ్మాయి పేరు కూడా ఎవరికీ తెలియదు.

ఆ వారమే స్టెఫానియా మా చర్చి ఫాదర్ మిరోస్లావ్ దగ్గరికి వెళ్లింది.

"ఫాదర్, ఎక్స్‌చేంజికి వచ్చే ఫోన్లన్నీ ఒకే వరుసలో ఆగేవి. ఎవరి చెయ్యి ఖాళీ అయితే వాళ్లు అందుకునేవాళ్లం. ఒకరి దగ్గర ఆలస్యమైనా తర్వాతి ఫోన్లు మిగతావాళ్లు అందుకునేవాళ్లు."

"మనుషులు ఫోన్లు కారు కదమ్మా!"

"అందుకే చెప్తున్నానండీ. మనుషులకి చలేస్తుంది."

మరుసటి గురువారం నాలుగు వరుసలూ ఒకటయ్యాయి; ఏ బల్ల ఖాళీ అయితే ముందున్నవాళ్లు ఆ బల్ల దగ్గరికి వెళ్లాలి. అది హాలంతా మెలికలు తిరిగి వీధిలోకి పాకింది. దాన్ని చూసి కొందరు వెనక్కి తిరిగారు. వరుస చివరన నిలబడ్డ గార్త్, ఒకప్పటి లారీ డ్రైవరు, గొంతెత్తాడు.

"ఏంటమ్మా ఇది, కొండచిలువా? దీని తోక దగ్గర నన్ను గడ్డకట్టి చావమంటావా?"

స్టెఫానియా ఏప్రన్ విప్పి అతని వెనక నిలబడింది.

"పద, నీతో పాటు నేనూ గడ్డకడతా. ఇదిగో వాచీ, నువ్వే చూడు."

"వరుస ఆగిందంటే మాత్రం ఊరుకోను."

ఆగలేదు. పంతొమ్మిది నిమిషాల్లో బల్ల దగ్గరికి చేరారు. గార్త్ వాచీని రెండుసార్లు చూసి తిరిగిచ్చాడు.

"పొడుగే గానీ, నడుస్తోంది," అని వెనకవాళ్లకు చెప్పాడు.

అయినా అందరూ తొమ్మిదింటికే ఎగబడేవారు, సరుకు అయిపోతుందన్న భయంతో. స్టెఫానియా ఒక్కో ఇంటికీ ఒక సమయం రాసిచ్చి, వాళ్ల పేరుతో సరుకుల పెట్టె ముందే పక్కకు తీసి ఉంచసాగింది. మొదట్లో ఎవరూ నమ్మలేదు. పదకొండింటికి వచ్చినా పెట్టె నిండుగానే ఉండటం చూశాక, మార్చి నాటికి చలిలో నిలబడేవాళ్లే లేకపోయారు.