సత్రం చెంగమ్మ వేడినీళ్ళు

ఉదయగిరిలో లిదియమ్మ ఇల్లెక్కడని అడిగితే సగం మందికి తెలియదు. చెంగమ్మ ఇల్లని అడిగితే చిన్నపిల్లలు కూడా వెంటబెట్టుకుని తీసుకెళ్తారు. అరవై రెండేళ్ళ మనిషి, అంగన్‌వాడీలో ఆయాగా చేసి రిటైరైంది, ఇద్దరు బిడ్డల్ని పెంచి పెళ్ళిళ్ళు చేసింది. అయినా అమ్మానాన్నలు పెట్టిన పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా మిగల్లేదు. క్రిస్మస్ నాటకంలో ఏడాదికి ఒక్క సాయంత్రం వేసే వేషం, మిగతా మూడొందల అరవై నాలుగు రోజుల్నీ మింగేసింది.

ఆ వేషాన్ని పుట్టించింది నాటకం రాసిన సురేంద్రబాబు మాస్టారు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఆయన బైబిల్లో లేని మనిషిని తెచ్చి, బెత్లెహేము సత్రానికి యజమానురాలిని చేసి, ఆమెకు ఉదయగిరి ఆడమనిషి నోరిచ్చాడు. నడుముకు తాళాల గుత్తి, బుగ్గన ఆకువక్క. జనాభా లెక్కలకొచ్చిన రోమా అధికారి వసతి అడిగితే, "పేర్లు రాసుకునేదానికి మీరొస్తిరి, పండుకునేదానికి మా చాపలు కావాల్నా?" అని చెంగమ్మ నిలదీసేది. ముందు వరసలో కూర్చున్న మండలాఫీసు వాళ్ళు కూడా పగలబడి నవ్వేవాళ్ళు. చివరి రంగంలో మాత్రం అదే చెంగమ్మ, చోటు లేదని తాను పంపేసిన నిండుచూలాలు పశువుల పాకలో ఉందని విని, గిన్నెడు వేడినీళ్ళు, తన సొంత దుప్పటి పట్టుకుని అక్కడికి వెళ్ళేది. మరియ పాదాల దగ్గర కూర్చుని, "చోటు లేక కాదమ్మా, మనసు లేక పంపినాను" అనేది. అప్పటిదాకా నవ్విన జనం గప్‌చిప్. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకునేవాళ్ళు. ఆ నిశ్శబ్దం కోసమే లిదియమ్మ వేషం వేసేది. నవ్వించడం దానికి దారి, అంతే.

తర్వాతి వాళ్ళు చెంగమ్మను ఉన్నచోట ఉండనిస్తేనా. తొంభైల్లో నాటకం చర్చి కమిటీ చేతికొచ్చింది. అధికారుల మీద ఎత్తిపొడుపులు కమిటీకి రుచించలేదు. ఆ మాటలన్నీ కొట్టేసి, తాళాల గుత్తి లాగేసుకుని, మూరెడు ఉదయగిరి కొయ్య గరిటె చేతిలో పెట్టి నాటకంలో మొగుణ్ణి బాదమన్నారు. ఇంటింటికీ టీవీలు వచ్చాక కడుపుకు దిండు కట్టారు, ముందు పన్నుకు నలుపు పూశారు. ఇంకో పదేళ్ళకు వీడియోలు తీసేందుకు సెల్‌ఫోన్లు లేచాయి. ఇక చెంగమ్మ మాట్లాడటం దండగైపోయింది. గరిటెతో పరిగెత్తాలి, జారి పడాలి, లేచి మళ్ళీ పడాలి. పడ్డప్పుడల్లా కీబోర్డు చంద్రమోహన్ 'టొయ్యిం' మనిపించాలి. వేడినీళ్ళ రంగం ఏ ఏడు పోయిందో ఎవరికీ గుర్తు లేదు. టైం చాలడం లేదన్నారు. పోనీ మానేద్దామంటే, చెంగమ్మ లేకుంటే జనం రారని పాస్టరుగారే ఇంటికొచ్చి, మోకాళ్ళేసి ప్రార్థన చేసి మరీ అడిగేవాడు. ప్రార్థన ముగిసినాక కాదని ఏ నోటితో చెప్తుంది?

ఈ ఏడు మార్చిలో లిదియమ్మ భర్త పోయాడు. పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చేందుకు పెట్టే ఆదరణ కూడికలో ఆమెను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. మైకు ముందు నిలబడి, "ఆయన నన్ను ఒక్కనాడూ ఏమే అని పిలవలేదు" అన్నదో లేదో, వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఇంకో నలుగురికి అంటుకుంది. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, వాళ్ళకు కనిపించింది గరిటెతో మొగుణ్ణి బాదే చెంగమ్మ. లిదియమ్మ మైకు పక్కవాళ్ళకిచ్చి కూర్చుంది. ఇంటికెళ్ళాక కూడా బయటికి ఏడవలేదు. గోడవతల ఎవరైనా విని నవ్వుతారేమోనని భయపడింది.

డిసెంబరు మొదట్లో తమ్ముడి కూతురు షైనీ వచ్చింది. యూత్ లీడరు, ఈసారి నాటకం ఆ అమ్మాయి చేతిలోనే ఉంది. ఆత్మకూరులో ఏడు చర్చి సంఘాలు కలిసి పండక్కి ముందే చేసే సెమీ క్రిస్మస్‌కు పిలుపొచ్చిందని, లైవ్ కూడా ఉంటుందని చెప్పింది.

"వస్తానమ్మా. వేడినీళ్ళ సీను పెడితేనే వస్తా," అన్నది లిదియమ్మ.

"అదేం సీనత్తా? నేనెప్పుడూ చూళ్ళేదే."

లిదియమ్మ వివరంగా చెప్పింది. షైనీ ఫోనులో రాసుకుంది. "లాస్ట్‌లో ఎమోషన్. బాగానే ఉండాదిలే. మూడు నిమిషాలిస్తా."

మూడు నిమిషాలు. లిదియమ్మ ప్రాణం లేచొచ్చింది. మర్నాడే ఆత్మకూరు బస్సెక్కి సురేంద్రబాబు మాస్టారింటికి వెళ్ళింది. ఎనభై దాటినా ఆయన ఆ రంగంలో ఒక్క ముక్క మర్చిపోలేదు. అంతా చెప్పి రాయించి, "ఇప్పుడెవురు వింటారే లిదియా ఇదంతా?" అన్నాడు.

"ఒక్కసారి నవ్వకుండా వింటే చాలు సార్. నేనూ మనిషినేనని వాళ్ళకు తెలిస్తే చాలు. ఆనక దిండూ గరిటే పొయ్యిలో పెట్టేస్తా."

తిరిగొచ్చి చంద్రమోహన్‌ను పట్టుకుంది. నీళ్ళ గిన్నెతో తాను వచ్చినప్పుడు కీబోర్డు మీద చేయి పెట్టనని మాట తీసుకుంది.

నాటకం రోజు సాయంత్రం ఆత్మకూరులో వెయ్యి మంది పైనే వచ్చారు. మొదటి మూడు రంగాలూ ఎప్పటిలాగే జరిగాయి. లిదియమ్మ పరిగెత్తింది, పడింది, లేచింది, పడింది. తర్వాత దిండు విప్పేసి, పన్ను మీది నలుపు తుడిచి, మామూలు చీర కట్టుకుని, గోరువెచ్చని నీళ్ళ గిన్నెతో చివరి రంగంలోకి అడుగుపెట్టింది. చంద్రమోహన్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆమె కనపడగానే జనం నవ్వారు.

నవ్వు సద్దుమణుగుతుందని ఆగింది. చెంగమ్మ అలా కదలకుండా నిలబడటం వాళ్ళు ఏ వీడియోలోనూ చూడలేదు. ఇదేదో కొత్త తమాషా అనుకుని, ఎప్పుడు పడుతుందా అని ఫోన్లు పైకెత్తారు. మరియ పాదాల దగ్గర కూర్చుని, "చోటు లేక కాదమ్మా" అన్నది. గొంతు నిజంగానే వణికింది. ఆ వణుకుకే నవ్వులతో పందిరి దద్దరిల్లింది. మరియ వేషంలో ఉన్న పావని ముసుగులో మొహం దాచుకుంది, నవ్వాపుకోలేక భుజాలు అదురుతున్నాయి. లిదియమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "యాక్షను సూడరా," అని ముందు వరసలో ఒకాయన పక్కాయన్ని పొడిచాడు.

తెర వేయమన్నట్టు ఆమె పక్కకు చూసింది. షైనీ రెండు బొటనవేళ్ళూ ఎత్తి, కానీయమని సైగ చేసింది. జనం అంతగా నవ్వుతుంటే తెర ఎవరు వేస్తారు? మనసు లేక పంపినానన్న మాట నవ్వుల్లో కలిసిపోయింది, చెప్పాల్సినవి అయిపోయాయి. పడకుండా వేదిక దిగడం ఆమె ఎప్పుడో మర్చిపోయింది. దిగనిచ్చేలా వాళ్ళూ లేరు. నెమ్మదిగా లేచింది. రెండడుగులు వేసి, కాలు జారినట్టు చేసి, గిన్నెతో సహా వెల్లకిలా పడింది. ఈలలు, చప్పట్లు. చంద్రమోహన్ ఇక ఉండబట్టలేక 'టొయ్యిం' మనిపించాడు. అప్పుడు తెర పడింది.

ఆమె ఇంకా లేవకముందే షైనీ పరుగెత్తుకొచ్చి, తడిసిన చీరతో ఉన్న ఆమెను అలాగే కావిలించుకుంది.

"అత్తా, ఇంత మంచి సీను ఇన్నాళ్ళూ ఎందుకు తీసేసినారు? ఇంక ప్రతి ఏడూ లాస్ట్ ఇదే. వచ్చేసారి గిన్నె వద్దు, బకెట్ పెడదాం."

షైనీ మొహం నిండా సంతోషమే. నన్ను వదిలేయమ్మా అందామనుకుంది లిదియమ్మ. తెర అవతల జనం ఇంకా చెంగమ్మా, చెంగమ్మా అని అరుస్తున్నారు.

"అట్లే కానీమ్మా," అన్నది, కొంగు పిండుకుంటూ.