భద్రమ్మ చేతి తప్పు కాదు

ఎనభైల చివరి ఏళ్ళ మాట ఇది. అప్పటికి నేను ఇనుప గనుల ఊరైన కిరందుల్ బజారులో స్టేషనరీ దుకాణం పెట్టి ఆరేళ్ళు దాటింది. మా ఆయన గని దగ్గర లోడింగ్ ప్లాంటులో పనిచేసేవారు. విజయనగరం నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు క్వార్టరులో ఊరికే కూర్చున్నాను. ఇక కూర్చోలేక ఒక చిన్న గది అద్దెకు తీసుకుని నోటుపుస్తకాలు, పెన్నులు, ఇంకు సీసాలు అమ్మడం మొదలుపెట్టాను. కొండ మీద నుంచి దిగే ఎర్ర దుమ్ము గాజు బీరువాల మీద రోజూ పేరుకునేది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తుడవాల్సి వచ్చేది. తెలుగువాళ్ళు అక్కా అని, మిగిలినవాళ్ళు దీదీ అని పిలిచేవారు.

మా వ్యాపారంలో తెలుసుకోవడానికి ఏముంటుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. రంగు పెన్సిళ్ళ డబ్బా వస్తే మూత బాగుందా, లోపల రంగులన్నీ ఉన్నాయా అని చూసి బీరువాలో పెట్టేసేదాన్ని. ఆ అలవాటు వల్ల ఒక పిల్ల దెబ్బలు తినాల్సి వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటలో కొంత నా మీద కూడా.

ముత్తయ్య కొంటా ఊరి వైపు పల్లె నుంచి వచ్చిన దొర్ల తెగ మనిషి. గనిలో కాంట్రాక్టు కూలీ. రైలు పట్టాల అవతల కూలీల క్యాంపులో భార్యతో, కూతురితో ఉండేవాడు. కూతురి పేరు భద్రమ్మ, నాలుగో తరగతి. ఇంట్లో తమ దొర్లి భాష, పక్క గుడిసెల వాళ్ళతో తెలుగు, బడిలో హిందీ. మూడింటిలోనూ ఆ పిల్ల మాట్లాడేది తక్కువే. బొమ్మలు మాత్రం ఎంత చక్కగా వేసేదంటే, బడి వార్షికోత్సవానికి పెట్టే బొమ్మల ప్రదర్శనకు క్యాంపు పిల్లల్లో ఆమె ఒక్కదాన్నే ఎంచుకున్నారు. ఆ రోజు ముత్తయ్య నా దుకాణానికి వచ్చి, ఇరవై నాలుగు రంగుల రేకు డబ్బా చూపించమన్నాడు. మూత మీద రామచిలక బొమ్మ మెరిసిపోతోంది.

"మంచియేనా అక్కా?" అని అడిగాడు.

"మంచివే అన్నా, తీసుకెళ్ళు," అన్నాను. ఒక్క పెన్సిలు కూడా బయటికి తీసి గీసి చూడకుండానే అన్నాను.

నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. వెనక భద్రమ్మ ఉంది. డబ్బా బల్ల మీద పెట్టి, "ఇరగ్గొట్టని గట్టి షార్పనర్ ఉంటే ఇయ్యక్కా," అన్నాడు.

మూత తీశాను. సగం పెన్సిళ్ళు బొటనవేలంత అయిపోయాయి. ఎర్రది గోరంత కూడా లేదు.

"నెల కూడా కాలేదు కదన్నా! ఏటయ్యాయి ఇవన్నీ?"

"మా పోరి చెయ్యి మోటు. బడిల గురూజీ గూడ అట్లనే అన్నడు. చెక్కుతది, ఇరుగుతది. మళ్ళ చెక్కుతది, మళ్ళ ఇరుగుతది. సామాను పాడు జేత్తాందని బొమ్మలు పెట్టే పిల్లల లెక్కల నుంచి పేరు తీసేసిండు." గొంతు తగ్గించి, "నేను గూడ నాలుగు తగిలిచ్చిన," అన్నాడు.

భద్రమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. చూపించమంటే చాలాసేపు చూపించలేదు. చివరికి ముందుకు చాపింది. వేళ్ళ కణుపుల మీద స్కేలుతో కొట్టిన వాతలు ఉబ్బి ఉన్నాయి. అవి బడిలో పడ్డవి, తండ్రి కొట్టినవి కావు.

నా దగ్గర షార్పనర్లు చాలా రకాలుండేవి. ఒకటి తీసి ఇచ్చేస్తే సరిపోయేది. కానీ ఆ వేళ్ళు చూశాక అవి అమ్మబుద్ధి కాలేదు. ఒక కాగితం ఇచ్చి, "గియ్యమ్మా, చూస్తాను," అన్నాను. ఆ పిల్ల నీలం పెన్సిలు పట్టుకుంది. ఎంత మెల్లగా పట్టుకుందంటే, గాయం మీద దూదితో మందు రాస్తున్నట్టుంది. రెండు గీతలు గీసేసరికి మొన పుటుక్కున రాలిపోయింది. పిల్ల వెంటనే తండ్రి మొహంలోకి చూసింది.

నేను బ్లేడు తీశాను. పెన్సిలు అంటే గాడి తీసిన రెండు చెక్కబద్దల మధ్య రంగు పుల్లను జిగురుతో అతికించి చేసేదే. ఆ అతికింపునే మా వ్యాపారంలో బాండింగ్ అంటారు. అతుకు దగ్గర బ్లేడు ఆనించి తిప్పితే మంచి పెన్సిలు అంత తేలిగ్గా ఊడదు. ఇది చిక్కుడుకాయ విప్పినట్టు రెండుగా విచ్చుకుంది. లోపల రంగు పుల్ల ఏడెనిమిది ముక్కలై ఉంది. జిగురు ఆనవాలు కూడా లేదు. పైగా పుల్ల నడిమధ్యన లేదు, ఒక పక్కకు ఒరిగి ఉంది. అది నడిమధ్యన ఉండటాన్ని సెంటరింగ్ అంటారు. అది తప్పితే ఎంత మంచి షార్పనరైనా ఒక వైపు చెక్కను వదిలేసి, రెండో వైపు పుల్లను కొరికేస్తుంది.

"కింద పడేసిందేమో అక్కా," అన్నాడు ముత్తయ్య. కింద పడితే లోపల విరుగుతుందని ఆయనకెవరో చెప్పారట. అదీ నిజమే. అందుకని బీరువాలోంచి మూత తియ్యని కొత్త డబ్బా తెచ్చి ఆయన ముందే విప్పాను. ఎర్రది, పసుపుది, ఆకుపచ్చది, మూడూ చీల్చాను. మూడింటిలోనూ అవే ముక్కలు. ఏ పిల్లా ముట్టుకోని డబ్బా అది.

ముత్తయ్య ఆ ముక్కలను అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు. "అంటే మా పోరి ఇరగ్గొట్టలేదా?" అన్నాడు.

"లేదన్నా. ఇరిగిపోయినవే నేను నీకు అమ్మాను."

ఆయన నన్ను నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది.

మర్నాడు దుకాణం తెరవకుండా బడికి వెళ్ళాను. గురూజీ రాయపూర్ వైపు మనిషి. నన్ను చూసి మర్యాదగానే కుర్చీ వేయించారు. మేం హిందీలో మాట్లాడుకున్నది తెలుగులో రాస్తున్నాను.

"ఇంత చిన్న విషయానికి మీరు రావాలా దీదీ? ఆ పిల్లలు అంతే. గునపాలు పట్టే ఇళ్ళ నుంచి వస్తారు, పెన్సిలు పట్టడం ఎలా తెలుస్తుంది?"

నాకు కోపం ముంచుకొచ్చింది. సంచీలోంచి ఆ రకందే కొత్త పెన్సిలు తీసి, ఆయన బల్ల మీదే చెక్కి, చేతికిచ్చాను. "మీరు గీయండి గురూజీ," అన్నాను. ఆయన నవ్వుతూ తన ముందున్న కాగితం మీద సంతకం మొదలుపెట్టారు. సంతకం సగంలో ఉండగా మొన రాలిపోయింది. మళ్ళీ చెక్కాను. మళ్ళీ రాలిపోయింది.

"మీ చెయ్యి కూడా మోటేనా?" అన్నాను. "మీ వేళ్ళ మీద ఎవరు కొట్టాలి?"

ఆయన నవ్వు ఆగిపోయింది. రిజిస్టరు తెరిచి భద్రమ్మ పేరు మళ్ళీ రాశారు. కొట్టింది తప్పని మాత్రం ఒప్పుకోలేదు.

మంచి డబ్బాలు నా దగ్గర ఉండేవి. ఆఫీసర్ల పిల్లల కోసమని తెప్పించి లోపలి అరలో పెట్టేదాన్ని. క్యాంపు వాళ్ళు అడిగితే చూపించేదాన్ని కాదు, అంత పెట్టి వాళ్ళెక్కడ కొంటారులే అని నేనే తేల్చేసేదాన్ని. ఆ సాయంత్రం ఒక డబ్బా విప్పి భద్రమ్మకు ఇవ్వడానికి ఆరు రంగులు తీశాను: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, గోధుమ, నలుపు. పిల్లను దుకాణానికి పిలిపించి, కూర్చోబెట్టి, ముందు నీలం రుద్దించి, దాని మీద పసుపు రుద్దించాను. ఒక రంగు మీద ఇంకో రంగు పట్టడాన్ని లేయరింగ్ అంటారు. సుద్ద ఎక్కువ కలిపిన చవక రంగు కాగితం మీద సరిగా పట్టదు. మైనం ఎక్కువైతే రెండో రంగు దాని మీద జారిపోతుంది. ఇక్కడ నీలం మీద పసుపు చక్కగా పట్టి లేత ఆకుపచ్చ వచ్చింది. పిల్ల కాగితాన్ని మొహం దగ్గరకు తీసుకుని చూసి, మొదటిసారి నాతో తనంతట తాను మాట్లాడింది.

"ఇరగలే అక్కా."

రెండు రోజులకు జగదల్‌పూర్ నుంచి మాకు సరుకిచ్చే ఏజెంటు వచ్చాడు. చీల్చిన పెన్సిళ్ళు అతని ముందు పరిచాను. అతను ఏమాత్రం తడబడలేదు.

"భాభీజీ, మీ టౌన్‌షిప్ వాళ్ళకు ఎలాగూ మంచి మాల్ ఇస్తున్నాను కదా. ఇది క్యాంపుల్లోకి, పల్లెల సంతల్లోకి వెళ్ళే మాల్. వాళ్ళు మూత మీద బొమ్మ చూసి కొంటారు. లోపల ఏముందో వాళ్ళకేం తెలుస్తుంది?"

తెలియక చేసింది కాదన్నమాట. ఎక్కడో ఒకచోట కూర్చుని ఎవరో తీరిగ్గా ఆలోచించి, ఫలానా పిల్లలకు విరిగినవి చాలని నిర్ణయించారు. బీరువాలో ఉన్న ఆ రకం డబ్బాలన్నీ అతని సంచీలో వేసి, ఇక నా గుమ్మం తొక్కొద్దన్నాను. "మీకు సరుకు ఎవరిస్తారో చూస్తాను," అని వెళ్ళిపోయాడు. అన్నంత పనీ చేశాడు. ఆ తర్వాత చాలాకాలం విశాఖపట్నం పాసింజరులో నేనే వెళ్ళి, పెన్సిళ్ళు ఒక్కొక్కటీ గీసి చూసుకుని తెచ్చుకున్నాను. అంతకుముందు అలాంటి డబ్బాలు కొన్నవాళ్ళను గుర్తున్నంతవరకు పిలిచి మార్చి ఇచ్చాను. గుర్తులేనివాళ్ళ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

వార్షికోత్సవం రోజు ప్రదర్శన చూడటానికి వెళ్ళాను. హాల్లో గోడల నిండా బొమ్మలు. భద్రమ్మది మాత్రం లేదు. వెతగ్గా వెతగ్గా వెనక వరండాలో, చెప్పులు విడిచే చోట కనిపించింది. కొండ, కొండ కింద గుడిసెలు, బిందె ముంచుతున్న ఆడమనిషి, పక్కన వాగు. వాగు నిండా ఎరుపు. ఇనుప రాయి కడిగిన నీళ్ళు కలిసి ఆ వాగు ఏళ్ళ తరబడి ఆ రంగులోనే పారుతోంది. అది చూడని మనిషి ఆ ఊళ్ళో లేడు.

గురూజీని అడిగాను.

"నీలం వెయ్యమన్నాను, వినలేదు. గని పెద్దలు చూడటానికి వస్తున్నారు దీదీ. అర్థం చేసుకోండి."

"వాగు ఎర్రగానే ఉంది కదా?"

"ఉంటే ఉంటుంది. బొమ్మలో ఉండకూడదు."

నేను గొడవపడ్డాను. గట్టిగానే అరిచాను. నలుగురూ చూశారు. మా ఆయన్ని మర్నాడు గని ఆఫీసుకు పిలిచి, భార్యను అదుపులో పెట్టుకోమని కూడా చెప్పారు. కానీ బొమ్మ హాల్లోకి రాలేదు. ముత్తయ్య మాత్రం ఆ వరండాలోనే నిలబడ్డాడు. చెప్పులు విడవడానికి వచ్చిన ప్రతి మనిషికీ, "మా బిడ్డ ఏసింది," అని చూపిస్తున్నాడు. ఒకాయన వాగు రంగు గురించి ఏదో అంటే, "తాగేటియి ఆ నీళ్ళే గదా సాబ్. బొమ్మల ఉంటే తప్పేంది?" అన్నాడు. ఆ మనిషి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు ముత్తయ్య నన్ను పక్కకు పిలిచాడు. "పోరితోని ఒక మాట చెప్పక్కా. నాకు నోరు రాట్లే. ఆ రోజు కొట్టుడు నాదే తప్పని చెప్పు."

"నేను చెప్తే ఏటి లాభం? నువ్వే చెప్పు."

ఆయన కూతురు ముందు గొంతుక్కూర్చున్నాడు. దొర్లిలో ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు. భద్రమ్మ తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

పిల్లకు రంగు పెన్సిళ్ళు ఏవి కొనాలని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పేది ఇదే. ఇరవై నాలుగు విరిగేవాటి కన్నా ఆరు మంచివి చాలు. పెన్సిలు అడుగు తిప్పి, పుల్ల నడిమధ్యన ఉందో లేదో చూడండి. దుకాణంలోనే గీయించి చూడండి, ఒప్పుకోకపోతే ఆ దుకాణం వదిలెయ్యండి. ఇదంతా నా వ్యాపారం నేర్పింది. భద్రమ్మ వేళ్ళు నాకు నేర్పింది వేరు. పిల్ల చేతిలో ఏదైనా విరిగితే ముందు ఆ వస్తువును చీల్చి చూడాలి. దాన్ని చేసినవాణ్ణి, అమ్మినవాళ్ళను నిలదీసి అడగాలి. పిల్ల చేతికి వంక పెట్టే హక్కు అప్పటిదాకా ఎవరికీ లేదు.